పదకొండు ఫ్రేములు

మా తోడికోడలు ఎవరినీ నమ్మదు. ఇది కోపంతో అంటున్న మాట కాదు, ఇరవై ఆరేళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేసి చెబుతున్న మాట. పాలు విరిగితే పాలవాణ్ణి అనుమానిస్తుంది, విరక్కపోతే అందులో ఏం కలిపాడోనని అనుమానిస్తుంది. పక్కింటావిడ పలకరిస్తే "ఏం కావాలో" అంటుంది, పలకరించకపోతే "ఏం దాస్తోందో" అంటుంది. నేను కొత్త కోడలిగా వచ్చిన వారానికి చక్కెర డబ్బా మూత తీస్తే, చక్కెర మీద చెంచాతో గీసిన గీత ఒకటి కనిపించింది. ఎవరు గీశారో, ఎవరి కోసం గీశారో ఒకరు చెప్పక్కర్లేదు. నాకూ ఒళ్ళు మండింది. చెంచాడు చక్కెర తీసుకుని, పైన చదును చేసి, అచ్చం అలాంటి గీతే గీసి మూత పెట్టాను.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో నన్ను ఎగాదిగా చూసి, "నీ గీత కొంచెం వంకర" అంది.

ఆ రోజు నుంచే మాకు పొత్తు కుదిరింది. నేను ఆవిడను అక్కా అంటాను. వీధిలో వాళ్ళు మాత్రం చాటున భూతద్దం అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ చేతిసంచిలో నిజంగానే ఒక భూతద్దం ఉంటుంది, ఎందుకంటే ఆవిడ ఉద్యోగమే దానితో.

అక్క పనిచేసేది ఫిల్ము లైబ్రరీలో. పుస్తకాలకు బదులు సినిమా రీళ్ళు అరువిచ్చే చోటన్నమాట. బళ్ళకు, ఆస్పత్రులకు, క్లబ్బులకు రీళ్ళు వెళతాయి, వారానికో పది రోజులకో తిరిగొస్తాయి. తిరిగొచ్చిన రీలు క్షేమంగా ఉందో లేదో చూడడం అక్క పని. పొడుగాటి బల్లకు అటొక చక్రం, ఇటొక చక్రం, నడుమ పోస్టుకార్డంత తెర. తెల్ల నూలు తొడుగులు వేసుకుని, కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ మధ్య ఫిల్ము అంచును పోనిస్తుంది. ఎక్కడ చిల్లు చిరిగినా, ఎక్కడ అతుకు పడినా వేలికి తెలిసిపోతుంది. తెలిసిందంతా రీలు డబ్బాలో ఉండే కార్డు మీద రాస్తుంది. ఆపరేటర్లకు ఒక పాడు అలవాటు ఉందట. తెర మీద ముద్దొచ్చే ముఖం కనిపిస్తే, రెండు మూడు ఫ్రేములు కత్తిరించి జేబులో వేసుకుని, తెగిన చోట అతికించి ఏమీ ఎరగనట్టు పంపేస్తారట. అక్క దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఇంత అనుమానపు స్వభావానికి జీతం కూడా ఇచ్చే ఉద్యోగం లోకంలో ఉంటుందని ఆవిణ్ణి చూసేదాకా నాకు తెలియదు.

ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడ మేనమామ. తల్లికి తమ్ముడు. అదే లైబ్రరీలో వ్యాను ఆపరేటరు. ప్రొజెక్టరునూ తెరనూ వ్యానులో వేసుకుని బళ్ళ చుట్టూ తిరిగి పిల్లలకు సినిమాలు చూపించేవాడు. ఆయన దగ్గర ఏడెనిమిది రీళ్ళు ఎప్పుడూ వ్యానులోనే ఉండేవి. వాటిలో ఒకటి ఫ్రాన్సు దేశం నుంచి వచ్చిన పిల్లల సినిమా.

ఆ సినిమా కథ మా ఇంట్లో గోడలకు కూడా కంఠతా వచ్చు. అరగంట సినిమా, అందులో మాటలు దాదాపు లేవు. ఒక చిన్నపిల్ల. వాళ్ళ నాన్న ఇంట్లో లేడు, ఏమయ్యాడో సినిమా చెప్పదు. గోడకు కొక్కేనికి ఆయన నల్లటోపీ మాత్రం ఉంటుంది. ఒక పొద్దున్న పిల్ల కుర్చీ ఎక్కి ఆ టోపీ తీసి నెత్తిన పెట్టుకుంటుంది, అది ముక్కు దాకా దిగుతుంది. అద్దంలో చూసుకుని వీధిలోకి వస్తుంది. గాలి టోపీని ఎత్తుకుపోతుంది. పొద్దంతా దాని వెంట ఊరంతా పరుగు. చివరికి నది మీది వంతెన దగ్గర టోపీ దొరుకుతుంది, నెత్తిన పెట్టుకుంటుంది, పెట్టుకుందో లేదో మళ్ళీ గాలి. ఈసారి టోపీ నదిలో పడి కొట్టుకుపోతుంది.

"అందరూ అయిపోయిందనుకుంటారు" అనేది అక్క, ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించి. "అప్పుడు చూడాలి. దూరంగా చుక్కంత కనిపించిన టోపీ నదికి ఎదురొస్తుంది. నీళ్ళలోంచి ఎగిరి, వంతెన మీదికొచ్చి, ఆ పిల్ల నెత్తిన కూర్చుంటుంది. ఒక్క బొట్టు కారదు. పక్కన పడవ పొగగొట్టంలోకి పొగంతా మళ్ళీ దూరిపోతుంది. వంతెన మీద ఒక తాత వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోతాడు. నాకు ఎంత నవ్వొచ్చిందో! మాయ కదా మరి. అలాంటి సినిమా మళ్ళీ ఎవరూ తీయలేదు."

అప్పుడు ఆవిడకు ఏడేళ్ళు. ఆ ఏడే తండ్రి పోయాడు. మామయ్య వ్యానులో ఎక్కించుకుని ఊరవతల ఒక బడికి తీసుకెళ్ళి ఈ సినిమా చూపించాడట. జీవితంలో ఒక్కసారే చూసింది. ఆ తర్వాత మళ్ళీ చూపించమని అడిగినప్పుడల్లా మామయ్య ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. ఆ రీలు ఈ నెల పంపలేదమ్మా. బల్బు పోయిందమ్మా. పిల్లలు వేరేది అడిగారమ్మా. ఉద్యోగంలో చేరాక కూడా అంతే. ఆ రీలు ఒక్కటి బల్ల మీదికి రాకుండా వ్యానులోనే ఉండిపోయేది.

ఇరవై రెండేళ్ళ కిందట వ్యాను పాతదైపోయి తీసేశారు. అందులోని రీళ్ళన్నీ అక్క బల్ల మీదికొచ్చాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన అక్క ముఖం నేను మర్చిపోలేను. చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకొచ్చి, "కోసేశాడే" అంది.

"ఎవరక్కా? ఏం కోశారు?"

"మామయ్య. చివరి సీను లేదు. టోపీ నీళ్ళలో పోవడంతోనే అయిపోయింది. టోపీ తిరిగొచ్చేది మొత్తం కోసేశాడు."

ఆ వంతెన మీది తాత కూడా మామూలుగా ముందుకే నడుస్తున్నాడట. "అదీ చూశాను. వెనక్కి నడిచే ముక్క వేరే ఉంది, అదీ కోశాడు" అంది. మామయ్య ఇన్నేళ్ళూ రీలు చూపించకుండా ఎందుకు దాటేశాడో ఇప్పుడు అర్థమైందంది. నిప్పు లేనిదే పొగ రాదంది. ఆ బడిలో చదివిన ఇద్దరిని పట్టుకుని అడిగితే, "టోపీ నదిలో పోయింది కదండీ" అన్నారు. వాళ్ళను కూడా మామయ్యే ముందుగా కలిసి మాట్లాడి పెట్టాడని తేల్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"ఇంట్లో మనిషి కదా, ముందు ఒక మాట అడిగి చూడు" అన్నాను.

"ఇంట్లో మనిషి కాబట్టే అడగను. అడిగితే కరిగిపోతాను" అంది.

మర్నాడే రిపోర్టు రాసింది. కార్డు మీద ఎర్రసిరాతో కూడా రాసింది, చివరి దృశ్యం కత్తిరించబడినది, బాధ్యత వ్యాను ఆపరేటరుది అని. విచారణ జరిగింది. అప్పటి మేనేజరు మామయ్యను పిలిచి కోశావా అని అడిగితే, ఆయన అక్క వైపు కాసేపు చూసి, "రాసుకోండి" అన్నాడట. అంతకు మించి ఒక్క ముక్క లేదు. మిగతా సర్వీసంతా ఆయన్ను ప్రొజెక్టరు ముట్టనివ్వలేదు, స్టోరు గదిలో కూర్చోబెట్టారు. ఉద్యోగం ఇప్పించిన మనిషికి అది అక్క ఇచ్చిన బహుమానం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందని చుట్టాలంతా దుమ్మెత్తిపోశారు. వాళ్ళమ్మ మంచాన పడి కూడా "మా తమ్ముడు అలాంటివాడు కాదే" అంటూనే కళ్ళు మూసింది. అక్క ఇరవై రెండేళ్ళలో ఆయన గుమ్మం తొక్కలేదు. ఆయన పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. కానీ ఆ సీను కథ చెప్పడం మాత్రం మానలేదు. అది నాకు విచిత్రంగా ఉండేది.

ఈ ఏడు లైబ్రరీకి అరవై ఏళ్ళు నిండాయి. పిల్లల కోసం ఆ ఫ్రాన్సు సినిమానే మళ్ళీ వేద్దామనుకున్నారు. పాత రీలు రంగు వెలిసి మొత్తం ఎర్రబడిపోయింది, డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన. అందుకని ఆ దేశంలో అసలు నెగటివు దాచిన వాళ్ళకు రాసి, కొత్త కాపీ తెప్పించారు. ఈసారి వచ్చింది రీలు కాదు, కంప్యూటరుకు తగిలించే అరచేతిలో పట్టేంత పెట్టె. అక్క రిటైరవడానికి రెండు నెలలుంది.

ఆ పెట్టె వచ్చిందని తెలిసిన రాత్రి అక్క అన్నం సరిగ్గా తినలేదు.

"రేపు నాతో రా" అంది.

"నేనెందుకక్కా?"

"సాక్షి కావాలి. ఆఫీసు వాళ్ళు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటారు. వాళ్ళను నమ్మను."

"నన్ను నమ్ముతావా?"

కాస్త ఆలోచించింది. "నీ వంకర గీతను నమ్ముతాను" అంది.

మర్నాడు పదింటికి అరవై కుర్చీల హాల్లో మేము ముగ్గురం కూర్చున్నాం. అక్క, నేను, మేనేజరు. మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు, కాబట్టి అక్కకు ఆయన మీద అనుమానం. దీపాలు ఆరిపోయాయి. ఇరవై ఆరేళ్ళుగా చెవులతో చూసిన సినిమాను మొదటిసారి కళ్ళతో చూశాను. నిజం చెప్పొద్దూ, నాకు బాగా నచ్చింది. పిల్ల బుగ్గలు, తడిసిన రాళ్ళ వీధి, పచ్చటి నది. అక్క తెరను చూడడం లేదు, వెతుకుతోంది. కుర్చీ అంచుకు జరిగి, చేతిసంచిని పొట్టకు అదుముకుని కూర్చుంది.

టోపీ నీళ్ళలో పడింది. చిన్నదైంది. చుక్కైంది. ఫ్రెంచిలో ఏవో అక్షరాలు వచ్చాయి. తెర నల్లబడింది.

"లైట్లు వేయకండి. ఇంకా ఉంది" అంది అక్క.

చీకట్లో చాలాసేపు కూర్చున్నాం.

"అంతేనండీ" అన్నాడు మేనేజరు మెల్లగా.

"వీళ్ళు కూడా కోశారు."

"మేడమ్, ఇది అసలు నెగటివు నుంచి తీసింది. పొడుగు కూడా కాయితం మీద రాసి పంపారు."

"రాసేవాళ్ళు ఏమైనా రాస్తారు."

అంటే ఇప్పుడు నేరం సముద్రాలు దాటింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేనేజరు నా వైపు జాలిగా చూశాడు, నేను తల తిప్పుకున్నాను. ఎంతైనా నేను ఆవిడ పక్షం.

మధ్యాహ్నం పాత రీలును బల్ల మీద ఎక్కించింది. పక్కనే కంప్యూటరులో కొత్త కాపీ. షాటు షాటుకీ ఆపి, రెండింటినీ పోల్చి, ఫ్రేములు లెక్కపెట్టి కాయితం మీద వేసుకుంది. మూడు గంటలు పట్టింది. నేను స్టూలు మీద కూర్చుని, నడుము నొప్పి పుట్టి, నిలబడి, మళ్ళీ కూర్చున్నాను. మొదట్లో, పిల్ల టోపీతో అద్దంలో చూసుకునే చోట, పాత రీలులో పదకొండు ఫ్రేములు తక్కువ. అంటే మూడంగుళాల ముక్క. తెర మీద అర సెకను కూడా ఉండదు. ఆ చోట పాత అతుకు ఒకటి ఉంది. అక్క దాన్ని భూతద్దంతో చూసి పెదవి విరిచింది. ఆ అతుకు ఆవిడకు ఇరవై రెండేళ్ళ నుంచీ తెలుసు, ఆవిడ వెతికేది అది కాదు. ఇక చివర చూస్తే, వంతెన నుంచి ఆఖరి అక్షరం దాకా, పాతదానికీ కొత్తదానికీ ఒక్క ఫ్రేము తేడా లేదు.

ఎవరూ ఏమీ కోయలేదు. కోయడానికి అక్కడ ఏమీ లేదు.

అక్క తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. మళ్ళీ వేసుకుంది. "నేను చూశానే" అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు. "నా కళ్ళతో చూశాను. పొగ లోపలికెళ్ళింది. తాత వెనక్కి నడిచాడు." ఆవిణ్ణి అలా చూస్తే నాకు భయం వేసింది. నన్ను తిట్టినా బాగుండేది. ఊరందరినీ అనుమానించిన మనిషికి తన కళ్ళనే అనుమానించాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆ ముఖంలో కనిపించింది.

తర్వాత అలవాటు కొద్దీ రీలును వెనక్కి చుట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఆ బల్ల పద్ధతి ఒకటి చెప్పాలి. రీలును వెనక్కి చుట్టేటప్పుడు ఫిల్మును నడుమ ఉన్న తెర లోంచి తప్పించి, ఖాళీ గాలిలో చుట్టాలి. లేకపోతే గీతలు పడతాయి. కొత్తగా చేరినవాళ్ళకు అక్క నేర్పే మొదటి పాఠం అదే. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు తప్పింది. కళ్ళలో నీళ్ళున్నాయో ఏమో, ఫిల్ము తెరలోనే ఉండిపోయింది. ఆవిడ పిడి తిప్పుతూ కిటికీ వైపు చూస్తోంది. పద్ధతులు తెలియని నేను మాత్రం తెరనే చూస్తున్నాను.

నీళ్ళలో ఒక చుక్క. అది పెద్దదవుతోంది.

"అక్కా," అన్నాను, "టోపీ వస్తోంది."

"నోర్మూసుకో."

"నా మీద ఒట్టు, చూడక్కా."

చూసింది. చెయ్యి తిరుగుతూనే ఉంది. టోపీ నదికి ఎదురొచ్చింది, నీళ్ళలోంచి లేచింది, నీళ్ళ చుక్కలన్నీ దాని కిందికి చేరి నదిలో కలిసిపోయాయి. పడవ పొగ గొట్టంలోకి దూరింది. తాత వెనక్కి వెనక్కి నడిచాడు. టోపీ వంతెన మీదికి ఎగిరి పిల్ల నెత్తిన కూర్చుంది. ఒక్క బొట్టు కారలేదు.

అక్క పిడి ఆపింది. ముందుకు తిప్పింది, టోపీ పోయింది. వెనక్కి తిప్పింది, వచ్చింది. అలా నాలుగుసార్లు తిప్పింది. ఫిల్ము మీద గీతలు పడతాయన్న మాట ఆవిడకూ గుర్తులేదు, గుర్తు చేసే ధైర్యం నాకూ లేదు.

"వ్యానులో ప్రొజెక్టరుకు వెనక్కి నడిపే మీట ఉండేది" అంది చివరికి.

ఆ రాత్రంతా పక్క గదిలో ఆవిడ అటూ ఇటూ దొర్లడం నాకు వినిపిస్తూనే ఉంది. తెల్లారి కాఫీ తాగుతూ కొత్త అనుమానం బయటపెట్టింది. "మీట వెనక్కి వేశాడు, సరే. మరి విచారణలో ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే పోయేదానికి దొంగన్న పేరు ఎవరైనా మోస్తారా? ఇందులో ఇంకేదో ఉంది." అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? అది కూడా చెప్పాను ముఖం మీదే. "ఉంటే ఉండనీ, ఆయన్నే అడుగుదాం పద" అన్నాను. రెండు రోజులు ఏవో సాకులు చెప్పింది. మామయ్య డెబ్భై ఐదేళ్ళ మనిషి, రేపు ఏమన్నా అయితే ఎవరిని అడుగుతావు అన్నాను. ఆదివారం బయల్దేరింది.

మామయ్య ఉండేది కళ్ళద్దాల కొట్టు మీద రెండు గదుల్లో. మెట్లు ఇరుకు. సగం మెట్ల దగ్గర అక్క ఆగిపోయింది. "నన్ను చూసి తలుపు వేసేస్తాడేమో" అంది.

"వేస్తే తట్టు."

తలుపు తీసింది ఆయనే. బక్కగా, తెల్లటి గడ్డంతో, మోకాళ్ళ మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత తన గుమ్మంలోకి వచ్చిన మేనకోడల్ని ఒక నిమిషం చూసి, "చెప్పులు లోపల పెట్టుకోండి. ఇక్కడో కుక్క ఎత్తుకుపోతోంది" అన్నాడు.

లోపల ఒక మంచం, రెండు కుర్చీలు, కిటికీ గూట్లో మందుసీసాలు. మంచినీళ్ళిచ్చాడు. అక్క గ్లాసు ముట్టలేదు. ముందుమాటలేమీ రావు ఆవిడకు.

"మామయ్యా, ఆ రోజు రీలు వెనక్కి తిప్పావా?"

ఆయన కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళకు పట్టుకున్నావన్నమాట."

"తిప్పావా లేదా?"

"నువ్వు ఏడుపు ఆపలేదమ్మా" అన్నాడు. "సినిమా అయిపోయింది, పిల్లలంతా వెళ్ళిపోయారు. నువ్వు కుర్చీ దిగలేదు. టోపీ ఇంక రాదా అని అడిగావు. మీ నాన్న పోయి నెలైంది. ఆయన గురించి నువ్వు అప్పటిదాకా ఒక్కసారి కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. ఏడవను కూడా లేదు. టోపీ గురించి అడిగావు. నాకేం చెప్పాలో తెలియలేదు. సౌండు కట్టేసి మీట వెనక్కి వేశాను. అంతే. టోపీ పిల్ల నెత్తి మీదికొచ్చాక దీపం ఆర్పేశాను."

తాను ఏడ్చినట్టు అక్కకు గుర్తే లేదు. ఇంతకాలం చెప్పిన కథలో ఆ ముక్క ఎప్పుడూ లేదు. నవ్వానని మాత్రమే చెప్పేది.

"అందుకేనా మళ్ళీ ఎప్పుడూ చూపించలేదు?"

"మళ్ళీ చూస్తే టోపీ రాదు కదా."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు? నన్నెందుకు ఆపలేదు?"

"ఎలా ఆపను? మేనేజరు బల్ల గుద్ది మరీ అన్నావు, టోపీ వచ్చింది, నేను చూశాను అని. ముప్పై ఆరేళ్ళు నీకప్పటికి. మొహం మాత్రం ఆ రోజు మొహమే. టోపీ రాలేదమ్మా, అది నేను చేసిన పనేనమ్మా అని అందరి ముందూ నా నోటితో చెప్పాలా? నా వల్ల కాలేదు. రాసుకోండి అన్నాను."

"ఇరవై రెండేళ్ళు, మామయ్యా."

"కోపం రాలేదనుకోకు. వచ్చింది. స్టోరు గదిలో కూర్చుని రోజూ తిట్టుకునేవాణ్ణి నిన్ను. మీ అమ్మ పోయినప్పుడు కూడా నా వైపు చూడలేదు నువ్వు. అది మాత్రం చాలా బాధేసింది."

అక్క కుర్చీలోంచి లేచి కింద కూర్చుని, ఆయన మోకాళ్ళ మీద తల పెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి మందుసీసాల పేర్లు చదివాను. ఒక్క పేరూ బుర్రకెక్కలేదు.

కాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, సంచిలోంచి రీలు కార్డు తీసింది. ఆఫీసు నుంచి అడిగి తెచ్చుకుందట. ఎర్రసిరా మాటలను అడ్డంగా కొట్టేసి, కింద నల్లసిరాతో రాసింది. అక్షరాలు చిన్నవి, ఆయనకు ఆనలేదు. భూతద్దం ఇచ్చింది. ఆయన పైకే చదివాడు.

"చివరి దృశ్యం పూర్తిగా ఉన్నది. కోత లేదు. పాత రిపోర్టు తప్పు. తప్పు నాది." కార్డును ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. ఇంకో వరుస ఉంది. "మొదట్లో అద్దం షాటులో పదకొండు ఫ్రేములు లేవు. కారణం తెలియదు."

ఆ చివరి వరుసను రెండోసారి మనసులో చదువుకున్నాడు. తర్వాత లేచి, గూట్లో సీసాల వెనక చెయ్యి పెట్టి, పాత కళ్ళద్దాల పెట్టె ఒకటి తీసి అక్క చేతికిచ్చాడు. మూత తీస్తే లోపల గుడ్డముక్క, గుడ్డలో మూడంగుళాల ఫిల్ము.

"అదే రోజు కోశాను, నీకిద్దామని" అన్నాడు. "మర్నాటికి టోపీ వచ్చింది, టోపీ వచ్చింది అని వీధంతా చెప్పుకు తిరుగుతున్నావు. ఈ ముక్క ఇస్తే, ఎక్కడిది, ఎందుకు కోశావు, ఎవరినడిగి కోశావు అని నిలదీస్తావు. ఏడేళ్ళకే అలాంటి పిల్లవి నువ్వు. భయమేసి దాచేశాను."

అక్క ఆ ముక్కను కిటికీ వెలుగుకు ఎత్తి, భూతద్దం పెట్టి చూసింది. తర్వాత నన్ను రమ్మంది. ఒకదాని కింద ఒకటి, గోరంతేసి పదకొండు బొమ్మలు. నాన్న టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్న పిల్ల. రంగు వెలిసిపోయినా ముఖం తెలుస్తోంది.

"చూశావా!" అంది అక్క నాతో, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే. "నేను చెప్పలేదూ, కోశాడని!"

మామయ్య నవ్వుతూ రెండు చేతులూ ముందుకు చాపి, "రాసుకో" అన్నాడు.

అక్క కలం తీసింది. కార్డు మీద 'కారణం తెలియదు' అన్న మాటను కొట్టేసింది. దాని పక్కన ఏం రాయాలా అని చాలాసేపు చూసి, ఏమీ రాయకుండా కలం మూత పెట్టేసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో జనం. అక్క సంచిని గుండెలకు హత్తుకుని, పక్కన నిలబడ్డ ప్రతివాణ్ణీ దొంగను చూసినట్టు చూసింది. జిప్పు వేసి ఉందో లేదోనని మూడుసార్లు తడుముకుంది. నాకు నోరు ఊరుకోదు కదా.

"అక్కా, అది ఆఫీసు సొత్తు. రేపు అతికించేస్తావా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏది?" అంది.

"అదే, ఆ ముక్క."

"ఏ ముక్క? నువ్వు చూశావా?"

సాక్షిగా తీసుకెళ్ళింది నన్నే.

"లేదక్కా," అన్నాను, "నేనేం చూళ్ళేదు."